పాట దాచుకుంటే చాలదు



మన ఫోన్లలో భక్తి పాటలకి లోటు లేదు. కానీ వాటిలో ఒకటి ఇంకొకరికి చివరిసారి ఎప్పుడు వినిపించాం?

అన్నమయ్య (1408–1503) కీర్తనల్ని ఆయన వంశం వాళ్లు రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో సంకీర్తన భండారం అనే చిన్న గదిలో దాచారు. మంచి బ్యాకప్! అందుకే సుమారు 12,000 కీర్తనల సాహిత్యం మనకి దక్కింది. కానీ రేకుల మీద రాగం పేరుంది, బాణీ లేదు. పాడేవాళ్లు లేక చాలా వరసలు పోయాయి. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి వాళ్లు మళ్లీ స్వరాలు కడితే గానీ అవి మన ఇళ్లకి రాలేదు.

దాచుకుంటే మాట మిగులుతుంది. పాట మిగలాలంటే గొంతు మారాలి. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తుల్లో శ్రవణం మొదటిది, వెంటనే కీర్తనం. మనం మొదటి మెట్టు మీదే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాం.

ఈ శనివారం మీకిష్టమైన ఒక్క కీర్తన, లింక్ పంపేసి ఊరుకోకుండా, ఇంట్లో వాళ్లతో కూర్చుని వినండి. పల్లవైనా కలిసి పాడండి. అమ్మమ్మకి వచ్చిన పాట ఒకటి అడిగి నేర్చుకోండి. అది ఏ యాప్‌లోనూ దొరక్కపోవచ్చు.

ఓం నమో వేంకటేశాయ.