నకులుని అశ్వశిక్ష

నెల్లూరి పెన్నాతీరమున తల్పగిరి రంగనాథుడు అశ్వవాహనారూఢుడై వెడలునపుడు, ఈ ఊరి తిక్కన తెనిగించిన విరాటపర్వము తలపునకు వచ్చును. వ్యాసుని మూలమున నకులుడు విరటునితో తనకు గుఱ్ఱముల ప్రకృతి తెలియునని మొదట చెప్పును; శిక్ష మాట ఆ పిమ్మటనే.

పరుగే రక్షగా గల ప్రాణి గనుక గుఱ్ఱము ఇట్టే బెదరును. ఆ బెదురును పొగరని యెంచి కొరడా ఎత్తినచో భయము రెట్టించును. లొంగిన క్షణమున కళ్లెము సడలవలెను; దానికి పాఠమదియే.

నేనును పాఠశాలలో చిరకాలము బెత్తము పట్టితిని. పిల్లవాని నోరు పెగలకపోవుట భయమువలననని ఆలస్యముగా నెఱిగితిని.

ద్రోణపర్వమున చూడుడు: సైంధవవధ దినమున పార్థసారథి రణమధ్యమున గుఱ్ఱములను విప్పి, స్వహస్తములతో బాణములు పెఱికి, మేను నిమిరి, నీరు త్రావించెను. సూర్యుడు గ్రుంకులోపల ప్రతిజ్ఞ నెఱవేరవలసిన దినమది!