బాకీ తీర్చువాడెవడు?

దీపావళినాడు క్రొత్త ఆవర్జాను పూజించి, మొదటి పుటపై గౌతమస్వామి లబ్ధిని కోరుచు వ్రాయుట జైన వర్తకులలో పెక్కు కుటుంబముల ఆచారము. చంద్రపూరులో వ్యాపారము చేయువారికైనను, తెలుగునాట అంగడి పెట్టినవారికైనను ఆ పేరు క్రొత్త కాదు. అయితే ఆనాటి దీపావళి రాత్రి గౌతమునకు లభించినది ధనము కాదు. అది లభించుటకు ముందు ఆయన తన గురువునే కోల్పోయెను.

ఇంద్రభూతి గౌతముడు మగధలో పేరుగన్న వేదపండితుడు. 50 ఏండ్ల వయస్సున, 500 మంది శిష్యులతో, మహావీరస్వామిని వాదమున గెలువవలెనని బయలుదేరెను. ఆత్మ కలదా లేదా యను సందేహము ఆయన మనస్సున రహస్యముగా నుండెడిది. అడుగకముందే భగవానుడు దానిని బయటపెట్టి తీర్చెను. గౌతముడు దీక్ష గైకొని, 11 మంది గణధరులలో ప్రథముడయ్యెను.

30 ఏండ్లు గురువును నీడవలె కొలిచెను. ఆయన బోధ విన్నవారు కేవలజ్ఞానులైరి. ఆయన మాత్రము కాలేదు. గురువుపై గల అనురాగమే అడ్డు. బంగారు సంకెలయైనను సంకెలయే గదా! నిర్వాణము సమీపింపగా భగవానుడు ఆయనను దేవశర్మయను బ్రాహ్మణునకు బోధించుటకై పొరుగూరికి పంపెను. సంప్రదాయగణనచే క్రీ.పూ. 527లో, అమావాస్య రాత్రి, పావాపురిలో భగవానుడు ముక్తుడయ్యెను. ఆ వార్త విని గౌతముడు పసిబిడ్డవలె విలపించెను. ఏడ్చి యేడ్చి, వీతరాగునిపై తనకు రాగమేమని తన్ను తానే ప్రశ్నించుకొనెను. తెల్లవారులోగా కేవలజ్ఞానము కలిగెను.

అట్లయిన గురువే వలదు, ఒంటరిగానే సాధింతుమనువారు కలరు. శాస్త్రము ప్రత్యేకబుద్ధులను అంగీకరించినది. మిథిల నేలిన నమిరాజు దాహజ్వరముతో బాధపడుచుండగా రాణులు చందనము తీయుచుండిరి. గాజుల చప్పుడు సహింపలేడని తలకొక్క గాజు మాత్రము ఉంచుకొనిరి, చప్పుడు నిలిచెను. ఒంటరితనముననే శాంతి కలదని గ్రహించి రాజు రాజ్యము విడిచెను. కాని గాజుల చప్పుడు లేని యిల్లేది? దానిని విని మేల్కొనువారెందరు?

తన చిట్టాలోని తప్పు తనకు కనబడదని వర్తకునకు వేరుగ చెప్పనక్కరలేదు. పదిమార్లు కూడినను అదే తప్పు మరల వచ్చును. పరుల కన్ను పడగానే బయటపడును. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పిన 9 విధముల ప్రాయశ్చిత్తములలో మొదటిది ఆలోచన. అనగా చేసిన తప్పును దాచక గురువుకడ చెప్పుకొనుట. గురువు అవసరమైనది ఇచ్చటనే.

అయితే ఖాతా చూచిన గుమాస్తా బాకీ చెల్లింపడు. భద్రావతికి పోయి కేసరియా పార్శ్వనాథునికి మ్రొక్కి, చాతుర్మాస్యమున మునులకు ఆహారదానము చేసి, తిరిగి వచ్చి అంగడిలో అదే తప్పుడు తూకము పట్టువానిని ఏ గురువు తరింపజేయగలడు? కర్మఋణము సంయమముచే, తపస్సుచే, ఎవరిది వారే తీర్చుకొనవలెను.

గౌతముడు గర్వము విడిచి గురువుకడకు వచ్చెను. మమకారము విడిచి గురువును దాటెను. ఈ రెండింటిలో ఏ యొకటి లేకున్నను ఆ లబ్ధి లేదు. క్రొత్త పుస్తకము తెరచుటకు ముందు పాత పుస్తకమును గురువుకడ విప్పి, చూపిన బాకీని తన చేతితో తీర్చబూనినవాడే ఆ పేరు వ్రాయుటకు అర్హుడు.