శిశువును కొలుచు కొలబద్ద

శిశువు ఎదుగుదలను కొలుచుట దయతో కూడిన పనియా, తీర్పుతో కూడిన పనియా? ఈ ప్రశ్న వైద్యులకే పరిమితమని తోచవచ్చును. కాని ఒక బిడ్డను చూచి ‘వీనికి ఆలస్యము’ అని పలుకునప్పుడు, లోకములో ఆ బిడ్డకు దక్కవలసిన చోటును గూర్చియు మనము నిర్ణయము చేయుచున్నాము. కనుక ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

బస్తరు దక్షిణపు కొసను, శబరీనది యొడ్డున, కొంటా అను ఊరు కలదు. ఆంధ్రదేశమును, ఒడిశాయు దానికి సరిహద్దులు. అచ్చటి దోర్ల కుటుంబములోని శిశువు ఇంట దోర్లీని, సంతలో తెలుగును వినును. బడికి పోగానే హిందీని ఎదుర్కొనును. ఆ బిడ్డ బడిలో నోరు మెదపకున్నచో ఆ మౌనమున కర్థమేమి? అది భాష తెలియని మౌనము కావచ్చును, చెవి వినరాని మౌనము కావచ్చును, మెదడునకు సోకిన మలేరియా విడిచిపోయిన గుర్తు కావచ్చును, ఆటిజము కావచ్చును. వెలుపలికి నాలుగును ఒక్క తీరుననే కనబడును.

ఇచ్చట రెండు తప్పులకు అవకాశము కలదు. తెలియని భాషలో అడిగిన ప్రశ్నకు బదులు చెప్పలేని బిడ్డను మందబుద్ధి యనుట మొదటిది. అది తక్కెడ దోషమును సరకుపై మోపుట. ‘వీని మేనమామయు ఆలస్యముగనే మాటాడెను’ అని ఇంటివారును, ‘అడవిబిడ్డ లింతే’ అని పైవారును ఊరకుండుట రెండవది. మొదటి తప్పు అహంకారముగ కనబడును గనుక దానిని గుర్తింపవచ్చును. రెండవది ప్రేమ వేషమున వచ్చును. అందుచేత అది మరింత అపాయకరము.

ఈ చిక్కును విప్పు సూత్రము తల్లి చేతిలోనే యున్నది. పలుభాషల నడుమ పెరుగుట మాటకు అడ్డు కాదు. బడిలో మౌనముగ నుండి తల్లితో గలగల మాటాడు బిడ్డకు కావలసినది వైద్యుడు కాదు, వాని భాష తెలిసిన ఉపాధ్యాయుడు. రెండేండ్లు నిండినను, తల్లి భాషలో సయితము రెండు మాటలు కూర్చి పలుకని బిడ్డకు పరీక్ష ఆవశ్యకము; అందును మొదట వినికిడిని చూడవలెను. కాబట్టి తల్లిని ఆమె భాషలో అడుగని పరీక్ష పరీక్షయే కాదు.

జ్ఞానమొక్కటే శిశువును కాపాడునా? ఆస్పెర్గర్ అను వియన్నా వైద్యుడు 1944లో విలక్షణ స్వభావము గల బాలురను సూక్ష్మముగ వర్ణించి కీర్తి పొందెను. నాజీల కాలమున ఆయన కొందరు శిశువులను ష్పీగెల్‌గ్రుంట్ అను మృత్యుగృహమునకు పంపుటలో పాలుపంచుకొనెనని 2018లో ప్రకటితమైన పరిశోధనలు చూపినవి. పేరు పెట్టగల బుద్ధికి బాధ్యత తోడు కానిచో అది ఏరివేతకు సాధనమగును.

మన దేశమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు గల పిల్లలలో ఎదుగుదల లోపములను సయితము వెదకవలెనని విధించినది. 2016 నాటి చట్టము ఆటిజముతో గూడ 21 వైకల్యములను గుర్తించినది. కాని పరీక్ష ఒకనాటిది. శిక్షణ ఏండ్లతరబడి సాగవలసినది. కొంటా నుండి జిల్లా కేంద్రమైన సుక్మా 70 కిలోమీటర్లకు పైబడిన దూరము. కూలి మానుకొని తల్లి ఎన్ని మారులు పోగలదు?

చికిత్స అందని చోట పేరు పెట్టకుండుటయే మేలని కొందరందురు. అది సరి కాదు. పేరు లేనిచో హక్కును అడుగుటకు నోరుండదు. అయితే పేరు పెట్టినవాడు ఋణపడుచున్నాడు. 2002 నుండి ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పనిచేయుచున్న మితానిన్‌లు ఆ ఊరి స్త్రీలే. బిడ్డ కన్నులలోనికి చూచి ఆడుట, వాని శబ్దమునకు బదులు పలుకుట, వాని వంతుకై వేచియుండుట — ఇట్టివి తల్లికి నేర్పుటకు ఆమె భాష తెలిసినవారే తగుదురు. వారికి తగిన శిక్షణ నిచ్చి, వారి వెనుక వైద్యుని నిలుపుట ఆ ఋణములో మొదటి వాయిదా.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనము తరచుగ అందుము. కాని తీగకు పందిరి వేయువాడు దానిని వంచుట లేదు. అది ప్రాకదలచిన వైపునకు ఆధారము చూపుచున్నాడు. శిశువును కొలుచుటకు మనకు గల అధికారము ఆ పందిరి వేయుటతోనే సార్థకమగును.