రింగ్ కింద నిలబడే మనవడికి

బాబూ, నీ ఎత్తు గురించి చెప్పాల్సిందంతా ఊరు ఊరంతా చెప్పేసింది. పదిహేడేళ్లకే 6 అడుగుల 7 అంగుళాలున్న తెలుగు పిల్లాడు బడ్జ్ బడ్జ్ స్టేషన్ వైపు నడిచొస్తుంటే చటకల్ (జనపనార మిల్లు) షిఫ్టు దిగినవాళ్లు ఆగి మరీ చూస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం నుంచి తాతల కాలంలో జనపనార మిల్లుల్లో పనికి వచ్చి, హుగ్లీ ఒడ్డున ఈ లైన్లలో స్థిరపడిన కుటుంబాలు మనవి. ఇక్కడ పుట్టిన పిల్లాడు కోల్‌కతా బాస్కెట్‌బాల్ కోర్టుల్లో సెంటర్‌గా ఆడుతున్నాడంటే మా అందరికీ ఛాతీ పొంగుతుంది. పొంగనీ, తప్పులేదు. కానీ ట్రయల్స్‌కి వెళ్లేముందు నీ ఆటలో ఏది గట్టిదో, ఏది డొల్లో నీకు ముఖం మీద చెప్పేవాడు ఒకడు ఉండాలి. పెద్దవాణ్ణి గనక ఆ పని నేను చేస్తాను. నొచ్చుకోకు.

నీ అసలు బలం నీ ఎత్తు కాదు, నీ చేతులు. మొన్న ఆదివారం మ్యాచ్‌లో వాన పడి బంతి తడిసి ఉంది. అందరి చేతుల్లోంచీ జారిపోతుంటే నువ్వు మాత్రం గుడ్డు పట్టుకున్నంత సుతారంగా పట్టావు. అంతకన్నా గొప్ప సంగతి ఆ తర్వాత జరిగింది. ఫ్రీ త్రో గీత దగ్గర నీకు బంతి అందింది, వీపు రింగ్ వైపు ఉంది. మన గార్డు అడుగున గీత వెంట దూసుకొచ్చాడు. నువ్వు తల తిప్పలేదు. ఒక్క నేల పాస్, సరిగ్గా అతని అరచేతిలోకి. ఆ బుట్ట అతని పేరున రాశారు గానీ అది నీది. ఈ చూపు నేర్పితే వచ్చేది కాదు, నాన్నా. ఉన్నవాడు దాన్ని పోగొట్టుకోకుండా చూసుకోవాలి, అంతే.

సెర్బియాలో సోంబోర్ అనే ఊరి నుంచి వచ్చిన నికోలా యోకిచ్‌ను 2014 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 41వ వాడిగా తీసుకున్నారు. లావుగా ఉన్నాడనీ, పరుగు లేదనీ, గాల్లోకి లేవడనీ పెదవి విరిచారు. అతనికీ నీలాంటి చూపే ఉంది. 2021, 2022, 2024ల్లో ఎన్‌బీఏలో ఉత్తమ ఆటగాడయ్యాడు, 2023లో డెన్వర్‌కి కప్పు తెచ్చాడు. నువ్వు యోకిచ్ అవుతావని చెప్పడం లేదు. సెంటర్ అంటే రింగ్ కింద స్తంభంలా నిలబడేవాడు అనుకునే కోచ్ ఎవరైనా నీకు తగిలితే, నీ పాస్‌ని వదులుకోవద్దని చెబుతున్నాను.

ఇక బలహీనతలు. మొదటిది చూడ్డానికి చిన్నది, మ్యాచ్‌లు పోగొట్టేది మాత్రం అదే. రీబౌండ్ పట్టి కిందికి దిగగానే బంతిని నడుము దాకా దించేస్తావు. పది అడుగుల ఎత్తులో పట్టిన బంతిని అయిదున్నర అడుగుల కుర్రాడి చేతికి నువ్వే అందిస్తున్నావు! అతను కింద నుంచి ఒక్క దెబ్బ కొడతాడు, బంతి పోతుంది, నువ్వు రిఫరీ వైపు చూస్తావు. తప్పు రిఫరీది కాదు. బంతి పట్టాక గడ్డం కిందికి దిగకూడదు, మోచేతులు బయటికి ఉండాలి. అక్కణ్ణుంచే పాస్, అక్కణ్ణుంచే షాట్.

రెండోది, నువ్వు ఎప్పుడూ ఎడమ భుజం మీదుగానే తిరిగి కుడిచేత్తో హుక్ వేస్తావు. మొదటి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నిన్ను కాసేవాడు ఆ భుజం మీదే వచ్చి కూర్చుంటాడు, నీకు రెండో దారి లేదు. ఎడమచెయ్యి రావాలి. దీనికి మందు పాతదే. 1940లలో డీపాల్ కాలేజీలో జార్జ్ మైకన్ అనే 6 అడుగుల 10 అంగుళాల కళ్లద్దాల కుర్రాడు కాళ్లు తడబడుతూ ఉంటే, కోచ్ రే మేయర్ అతని చేత తాడాట ఆడించాడు, డ్యాన్స్ నేర్పించాడు, రింగ్ కింద కుడి పక్క కుడిచేత్తో, ఎడమ పక్క ఎడమచేత్తో ఆగకుండా లేఅప్‌లు వేయించాడు. ఆ మైకన్ తర్వాత మినియాపొలిస్ లేకర్స్‌కి అయిదు టైటిళ్లు తెచ్చాడు. ఆ కసరత్తుని ఇప్పటికీ మైకన్ డ్రిల్ అనే అంటారు. తాడుకి పెద్ద ఖర్చు లేదు, రింగ్ ఉండనే ఉంది. పొద్దున్నే ఎవరూ రాకముందు వెళ్లు.

ఆలస్యంగా మొదలెట్టానని నువ్వు ఒకసారి దిగులుపడ్డావు. లాగోస్‌లో పుట్టిన హకీమ్ ఒలాజువాన్ పదిహేనేళ్లు వచ్చేదాకా ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్, హ్యాండ్‌బాల్ ఆటగాడు. ఆ మైదానాల్లో నేర్చిన అడుగులే తర్వాత రింగ్ కింద పనికొచ్చాయి. 1994, 1995ల్లో హ్యూస్టన్ కప్పు కొట్టింది ఆ అడుగుల మీదే. నువ్వు చిన్నప్పుడు మిల్లు మైదానంలో ఫుట్‌బాల్ ఆడిన ఏళ్లు వృథా కాలేదు.

ఫౌళ్ల సంగతి నీకు తెలుసు. మనం ఆడే ఫీబా నిబంధనల్లో అయిదో ఫౌల్‌తో బయటికి పోవాలి. నువ్వు మూడో క్వార్టర్‌లోనే నాలుగు చేసి బెంచీ మీద కూర్చుంటున్నావు. కారణం ఒక్కటే: చెయ్యి కిందికి కొడతావు. నిటారుగా ఎగిరి, చేతులు నిటారుగా ఉంచితే, పైకి నీ చోటు నీదే. వచ్చి గుద్దుకున్నవాడిదే తప్పు. ఇంకోటి, బ్లాక్ చేశాక బంతిని జనంలోకి కొట్టి అరవడం మానెయ్. బిల్ రసెల్ బ్లాక్ చేసిన బంతిని తన జట్టువాడి వైపే తట్టేవాడు. పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు అతనివి. బంతి బయటికిపోతే మళ్లీ వాళ్లదే కదా.

అన్నిటికన్నా కష్టమైంది ఇప్పుడు చెబుతాను. ఎదుటి జట్టు గార్డు స్క్రీన్ తీసుకుని నీ మీదికి వచ్చినప్పుడు నీ కాళ్లు కదలడం లేదు. నడుము వంచుతావు గానీ మోకాళ్లు వంచవు. అందుకే రెండడుగుల్లో దాటిపోతున్నాడు. ఈ ఒక్క లోపం ఎంత ఖరీదైందో సత్నామ్ సింగ్‌ని చూసి తెలుసుకో. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె, రైతు బిడ్డ, 7 అడుగుల 2 అంగుళాలు. లూధియానా అకాడమీలో నేర్చి, 2010లో ఫ్లోరిడా వెళ్లాడు. 2015లో డాలస్ అతన్ని 52వ వాడిగా ఎంచుకుంది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. మెత్తటి చేతులున్నాయని మెచ్చుకున్నవాళ్లే కాళ్లలో వేగం చాలదన్నారు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెనక్కి వచ్చాడు. అతను చేసినదాన్ని నేను తక్కువ చెయ్యను, ఆ పల్లె నుంచి అక్కడికి చేరడమే పెద్ద సంగతి. కానీ ఆట ఇప్పుడు 6.75 మీటర్ల గీత దాకా సాగిపోయింది. సెంటర్ కూడా అక్కడిదాకా వచ్చి కాయాలి, మళ్లీ వెనక్కి పరిగెత్తాలి. పక్కకి జరిగే అడుగులు రోజూ వెయ్. తొడలు మండేదాకా వెయ్.

అలసిపోయాక ఫ్రీ త్రోలు వెయ్, తాజాగా ఉన్నప్పుడు కాదు. బంతి బల్లపరుపుగా పోతోంది, ఇంకాస్త పైకి ఎత్తు. చాలు.

ఒళ్లు పెంచమని ఎవరో డబ్బా పొడులు చెప్పారట. వద్దు. మళ్లీ సత్నామ్ మాటే ఎత్తాల్సి వస్తోంది. డోప్ పరీక్షలో హైజెనమైన్ అనే పదార్థం దొరికి, 2020 డిసెంబరులో అతనికి రెండేళ్ల నిషేధం వేశారు. పొడిలో ఏం కలిసిందో డబ్బా మీద ఉన్న బొమ్మ చెప్పదు. గుడ్లు, చేపలు, పప్పు, అన్నం వేళకి తిను. బెంగాల్‌లో ఉండి చేపకి కొదవేమిటి? సిమెంటు కోర్టు మీద రోజూ ఎగిరితే మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంది. వస్తే దాచిపెట్టకు. మీ అమ్మకి చెప్పకపోతే నాకైనా చెప్పు.

పదకొండో తరగతి వదిలేస్తానన్న మాట నీ నోట మళ్లీ రాకూడదు. ఈ దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతికినవాళ్లలో ఎక్కువమందికి అన్నం పెట్టింది రైల్వే ఉద్యోగం, లేకపోతే మరో ప్రభుత్వ కొలువు. స్పోర్ట్స్ కోటాలోనైనా చదువు సర్టిఫికెట్ అడుగుతారు. మిల్లు లాకౌట్ పడ్డ నెలల్లో మన ఇళ్లు ఎలా గడిచాయో నువ్వు పిల్లాడిగా చూశావు.

ఇప్పుడు నా మనసులో ఉన్న భయం చెబుతాను. నీ చేతులు చాపితే 6 అడుగుల 11 అంగుళాలు వచ్చాయని కోచ్ గారు సంబరపడ్డారు. రింగ్ కింద అది వరమే. కానీ అంత ఎత్తు, అంత పొడుగు చేతులు, సన్నటి పొడుగు వేళ్లు ఉన్నవాళ్లలో కొద్దిమందికి మార్ఫాన్ అనే జబ్బు ఉంటుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ బలహీనపడి, ఉబ్బి, చీలిపోవచ్చు. అమెరికా వాలీబాల్ జట్టుతో 1984 ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో బెంచీ మీదే కుప్పకూలి చనిపోయింది. ఆ జబ్బు ఉన్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఐజయా ఆస్టిన్ అనే 7 అడుగుల సెంటర్‌కి 2014 డ్రాఫ్ట్‌కి కొద్దిరోజుల ముందు పరీక్షలో బయటపడింది. అప్పటికి ఆట ఆగింది, ప్రాణం నిలిచింది. పొడుగు చేతులున్నంత మాత్రాన ఆ జబ్బు ఉన్నట్టు కాదు. మంచి ఆటగాళ్లలో చాలామంది చేతులు అలాగే ఉంటాయి. ఉందో లేదో చెప్పాల్సింది డాక్టరు.

అందుకని ట్రయల్స్ ఫారం మీద సంతకం పెట్టకముందే బడ్జ్ బడ్జ్ లోకల్ ఎక్కి మాజేర్‌హాట్‌లో దిగు. పీజీ ఆసుపత్రిలో గుండె విభాగానికి వెళ్లి ఎకో తీయించుకో. కళ్లు కూడా చూపించుకో, ఆ జబ్బు కంటిలోనూ కనబడుతుంది. నీతోపాటు నేను వస్తాను. రిపోర్టు చేతికి వచ్చేదాకా గట్టి ప్రాక్టీసు ఆపెయ్. ఈ ఒక్క మాట మటుకు నాతో వాదించకు, బాబూ.