పక్కన కూర్చోబెట్టుకొని

నచ్చిన పాటను మరొకరికి చెప్పడం తేలికైన పనే అనుకుంటాం. పేరు చెబితే చాలు, మిగిలింది ఫోను చూసుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ నాకు మాత్రం అది బరువైన పనిగా తోస్తోంది. నా మాట నమ్మి ఒక మనిషి తన బతుకులో ఒక గంట తీసి పక్కన పెడతాడు. నాటకమైతే రాత్రంతా నిద్ర మానుకుంటాడు. నచ్చకపోతే ఆ రాత్రిని నేను తిరిగి ఇవ్వలేను. నచ్చితే ఆ పాట అతని లోపల ఎంత దూరం పోతుందో నాకు ఎప్పటికీ తెలియదు.

అసలు నాకు నచ్చిందని చెప్పుకునే వాటిలో నా సొంతం ఎంత? ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్లుగా వదలడం లేదు. నేను ప్రేమించే పాటల్లో నా అంతట నేను వెతికి పట్టుకున్నవి చాలా కొద్ది. మిగిలినవన్నీ ఎవరో ఒకరు తెచ్చి నా చేతిలో పెట్టినవే. మన ఆలంకారికులు రసానుభవానికి సహృదయుడు ఉండాలన్నారు. కవి చేసిన పని వినేవాడి హృదయంలో పూర్తవుతుందన్న ఆ మాటను నేను మనసారా నమ్ముతాను. కానీ ఆ సహృదయుడు ఎక్కణ్నుంచి వస్తాడు? పుట్టుకతో వచ్చిన సంస్కారం అంటారు కొందరు. నేను చూసినంతలో, ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుంటేనే మనిషి సహృదయుడవుతాడు.

నన్ను అట్లా కూర్చోబెట్టుకున్నవాడు మా మేనమామ. జమ్మలమడుగు దగ్గర పల్లెలో సేద్యగాడు. నల్లరేగడిలో శనగ, పత్తి పండించేవాడు. ఊరి నాటక సమాజంలో నక్షత్రకుడి వేషం కట్టేవాడు. ఎండాకాలం రాత్రుళ్లు మిద్దె మీద టేప్ రికార్డరు పెట్టి డి.వి.సుబ్బారావు హరిశ్చంద్ర క్యాసెట్ వేసేవాడు. "గమ్మునుండి విను అబ్బీ. ఊపిరి యాడ తీసుకుంటాడో కనిపెట్టు" అనేవాడు. పద్యానికి అర్థం చెప్పలేదు, రాగం పేరు చెప్పలేదు. ఊపిరిని కనిపెట్టమన్నాడు, అంతే. ఆ ఒక్క మాటతో పద్యం నాకు గొంతుగా, ఆ గొంతు ఒక మనిషిగా వినిపించడం మొదలైంది. ఇవాళ ఏ సంగీతం విన్నా ముందు ఊపిరినే వింటాను. బడే గులాం అలీఖాన్‌ను విన్నా, బాలమురళిని విన్నా చెవి అక్కడికే పోతుంది.

అందుకే నేను మొదట చెప్పేది హరిశ్చంద్ర కాటిసీను. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవిది. కానీ జనం చెవుల్లో మోగే కాటిసీను పద్యాల్లో కొన్ని గుర్రం జాషువావి. జాషువా వాటిని నాటకం కోసం రాయలేదు. శ్మశానవాటిక మీద ఆయన విడిగా రాసుకున్న ఖండిక అది. నటులు చదివారు, కదిలిపోయారు, తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. ఆ పద్యాలు పల్లెపల్లెకూ పోయాయి. అక్షరం రాని రైతు కూడా వాటిని పాడుకున్నాడు. అంటరానితనం బాధను స్వయంగా అనుభవించిన కవి మాటలను, ఆ అంటరానితనాన్ని పాటించిన ఊళ్లు తెల్లవార్లూ కూర్చుని విని వన్స్ మోర్ కొట్టాయి. నేనెరిగినంతలో తెలుగుదేశంలో ఒక పాఠకుడు మరొకరికి చేసిన సిఫారసుల్లో ఇంతకన్నా గొప్పది లేదు. చదివి బాగుందనుకుని పుస్తకం మూసేసి ఉంటే ఆ పద్యాలు గ్రంథాలయాల్లోనే ఉండిపోయేవి.

మా వైపు ఊరి నాటకాలను నాటకమని ఒప్పుకోని పెద్దలున్నారు. ఒకే రాత్రిలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వచ్చిపోతారనీ, యుద్ధం మధ్యలో ఆగి పద్యం మళ్లీ పాడతారనీ వాళ్ల ఫిర్యాదు. నాకు అదే ఇష్టం. రామాలయంలో హార్మోనియం అయ్యవారి దగ్గర నెలల తరబడి పద్యం నేర్చుకున్న రైతు, మరునాడు పొద్దున కలుపు తీయాల్సిన రైతు, ఆ ఒక్క రాత్రి రాయబారానికి వెళతాడు. కిందున్నవాళ్లకు అతనెవరో తెలుసు, అతని అప్పులెంతో కూడా తెలుసు. అయినా చేతులు జోడిస్తారు. ఒక మనిషిలో ఇంకొక మనిషిని చూడగలగడం ఇక్కడ ఎంత మామూలుగా జరిగిపోతుందో చూడండి.

ప్రొద్దుటూరు అనగానే బయటివాళ్లకు బంగారం అంగళ్లు గుర్తొస్తాయి, దసరా గుర్తొస్తుంది. నాకు పుట్టపర్తి నారాయణాచార్యులు గుర్తొస్తారు. ఆయన కావ్యం శివతాండవం ఇక్కడే పుట్టింది. అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ అల్లారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కావ్యాన్ని కళ్లతో చదవకండి. సంగీతమూ నాట్యమూ తెలిసినవాడు రాసిన కావ్యం అది. అక్షరాల్లోనే మద్దెల ఉంది, అడుగుల బరువు ఉంది. శివుడి ఉద్ధతి అయిపోయి పార్వతి లాస్యం మొదలయ్యేచోట భాషే మెత్తబడుతుంది. గొంతెత్తి చదవాలి, వీలైతే నిలబడి చదవాలి. మొహమాటపడేవాళ్లు తలుపు వేసుకుని చదవండి. పుట్టపర్తివారు సభల్లో వినిపిస్తుంటే విన్న పెద్దలు మా ఊళ్లో ఉండేవారు. వాళ్ల మొహాల్లో మిగిలిన వెలుగే నాకు ఆ కావ్యానికి తొలి సిఫారసు.

ఇక పాటల రికార్డుల్లో, ఎవరడిగినా, తడుముకోకుండా చెప్పేది 'మల్లీశ్వరి'. 1951లో వచ్చింది. తీసిన బి.ఎన్.రెడ్డిది పులివెందుల తాలూకా కొత్తపల్లె. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యం, ఘంటసాల, భానుమతి గొంతులు. అద్దేపల్లి రామారావు వాద్యబృందం పని చూశారు. దీన్నుంచి ఒక్కో పాటా విడిగా తీసి వినడం నాకు ఇష్టముండదు. కథ నడిచిన వరసలో, ఒకే కూర్పులో, మొదటినుంచి చివరిదాకా వినాలి. ఊళ్లో ఇద్దరు పిల్లల ఆటగా మొదలైన సంగీతం రాయలవారి నగరి చేరేసరికి ఎట్లా ఒంటరిదైపోతుందో, మేఘాన్ని రాయబారం పంపేచోట ఎంత తక్కువ వాద్యాలతో ఎంత దూరం వినిపిస్తుందో అప్పుడే తెలుస్తుంది. వర్షాభావపు సీమలో పుట్టినవాడు మబ్బును అంత మురిపెంగా చూపించడం నాకు ప్రతిసారీ గుండె పట్టేస్తుంది. బహుశా ఇది నా ఊరి పక్షపాతమే కావచ్చు, ఆ పక్షపాతం నాకు ప్రియమైనదే.

పులివెందుల తాలూకాదే ఇంకో ఊరు సింహాద్రిపురం. హాస్యనటుడు పద్మనాభం పుట్టిన ఊరు. ఆయన నిర్మించిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లోనే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం తొలిసారి సినిమాకు పాడారు. 1966 డిసెంబరులో ఆ పాట రికార్డయింది. అది ఎట్లా జరిగిందో తలుచుకుంటే నాకు సిఫారసు అనే మాట మీద గౌరవం పెరుగుతుంది. మద్రాసులో ఒక పాటల పోటీలో ఇంజనీరింగు చదువుతున్న ఆ కుర్రవాణ్ని విన్న సంగీత దర్శకుడు ఎస్.పి.కోదండపాణి ఆ గొంతును మరిచిపోలేదు. తానే సంగీతం చేసిన ఆ చిత్రంలో పాడించారు. తన పేరును ఒక కొత్త గొంతుకు పూచీగా పెట్టారు. పద్మనాభం సరేనన్నారు. బాలు తర్వాత కట్టించుకున్న రికార్డింగ్ థియేటరుకు కోదండపాణి పేరే పెట్టుకున్నారు. విన్నవాడు పూచీ పడ్డాడు, పాడినవాడు జీవితాంతం ఆ రుణాన్ని గుర్తుపెట్టుకున్నాడు. నచ్చిందని చెప్పడమంటే ఇంత ఉంటుంది.

ఫోనులోని యంత్రమూ నాకు పాటలు చెబుతుంది. చాలాసార్లు బాగానే చెబుతుంది. కానీ అది నేను నిన్న విన్నదాన్ని బట్టి ఇవాళ్టిది ఇస్తుంది. మా మామ ఇచ్చింది నేను అడగనిది, అప్పటికి నాకు అక్కరలేదనుకున్నది. పులివెందుల వైపు వేరుశనగ విత్తనం పక్కవాడికి ఇచ్చే రైతు, ఏ నేలలో, ఏ పదునులో వేయాలో చెప్పి మరీ ఇస్తాడు. పాట ఇచ్చేవాడు కూడా వినేవాడి నేల ఎరిగి ఇవ్వాలి. దుఃఖంలో ఉన్నవాడికి ఏది వినిపించాలో, ఏది ఇప్పుడు వినిపించకూడదో మనిషికే తెలుస్తుంది. లోకో భిన్నరుచిః అని చెప్పి మనం మాట ముగిస్తుంటాం. రుచులు వేరైనందుకే గదా ఒకరిది ఒకరు తెలుసుకోవాల్సింది! ఆ మాట దగ్గర ఆగిపోతే ఎవరి చెవి వారి ఇంట్లోనే ముసలిదైపోతుంది.

రికార్డునైనా పంపగలను, నాటకాన్ని పంపలేను. మీరే రావాలి. అందుకే అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకునే పేరు చివరికి ఉంచుకున్నాను. పులివెందుల నియోజకవర్గంలోనే చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ ఒక పెళ్లి సందర్భంలో వనారస సోదరులు కీచకవధ ఆడారు. అంతకుముందు వాళ్లవి తోలుబొమ్మలాట కుటుంబాలు. తెర వెనక బొమ్మను ఆడించిన చేతులు ఆ రాత్రి తెర ముందుకు వచ్చాయి. ఆ పల్లె పేరే నాటకానికి పేరైంది. పట్టణాల్లో చదువుకున్న సమాజాలు మగవాళ్లకే ఆడవేషాలు కట్టిన కాలంలో సురభి ఇంటి ఆడవాళ్లు రంగస్థలం మీద నిలబడ్డారు. ఒకప్పుడు ముప్పైకి పైగా ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు కొన్నే మిగిలాయి. వాటిలో ఒకదాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన వెళ్లిపోయారు.

వాళ్ల మాయాబజార్ చూడండి. సినిమా తెలుసుగదా అనకండి. ఆ సినిమా తీసిన విజయా సంస్థ నాగిరెడ్డిగారు కూడా మా వైపువారే, ఆ సినిమా మీద నాకెంత ప్రేమో చెప్పలేను. అయినా శశిరేఖ పెళ్లి కథ 1957 కన్నా చాలా ముందే తెలుగు జనం నోట్లో, నాటకాల్లో ఉంది. వ్యాసభారతంలో లేని కథ, జనం కావాలని కల్పించుకున్న పెళ్లి. సురభివాళ్లు ఆడుతుంటే తెరల మీద తెరలు లేస్తాయి, అంతఃపురం పోయి అడవి వస్తుంది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరిపోతాయి. వెనక తీగ లాగే మనిషి ఉన్నాడని మనకు తెలుసు. తెలిసీ నోరు తెరుచుకుని చూస్తాం. సినిమా మాయలో మనల్ని నమ్మించే పని యంత్రానిది. ఇక్కడ నమ్మడం మన పని, మన ఇష్టం. ఆ తీగ లాగే మనిషి కాసేపటి క్రితం బలరాముడై ఉండవచ్చు, అతని కూతురే శశిరేఖ కావచ్చు. చంటిబిడ్డలుగా రంగస్థలం ఎక్కినవాళ్లు అక్కడే పెద్దవాళ్లవుతారు. వాళ్లకు తెర ముందూ వెనకా ఒకటే ఇల్లు. కళ వేరు, బతుకు వేరు అనే మన చర్చలన్నీ ఆ రెండు గంటల్లో నాకు చిన్నవైపోతాయి.

సురభివాళ్లు మీ దగ్గర్లో ఎక్కడ ఆడుతున్నా టికెట్టు కొనుక్కుని వెళ్లండి. పిల్లలుంటే వెంట తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టండి. నాటకం అయ్యాక వెంటనే లేచి రాకండి. వెనక్కి వెళ్లి, ఆ కళాకారులకు బాగా ఆడారని మీ నోటితో చెప్పి రండి.