త్యాగమా, బలియా?

మన శకటు ఆంగ్ల చదరంగ గ్రంథములలో బిషప్పు అగుట నాకంత కష్టముగా తోచలేదు. 'గాంబిట్' అను మాట కాలడ్డి పడద్రోయుటను తెలుపు ఇటాలియను పదమునుండి వచ్చినదనియు, 1561లో రూయ్ లోపెజ్ దానిని చదరంగమునకు వాడెననియు తెలిసి నవ్వుకొంటిని. చిక్కంతయు 'సాక్రిఫైస్' వద్దనే. దానికి మనకు రెండు మాటలున్నవి. త్యాగమనునది విడుచువాని పక్షమున పలికిన మాట. బలియనునది పోవువాని పక్షమున పలికినది. కొయ్యబంటునకు ఈ భేదము పట్టదు. కాని యుద్ధవార్తలలో మనుష్యులను గూర్చి ఈ మాట వాడినప్పుడు, పంపినవాడే త్యాగియై కూర్చుండుచున్నాడు.

మొన్న మా తమ్ముని కొడుకు ఆడుచు, "పెదనాన్నా, గుఱ్ఱాన్ని త్యాగం చేశాను" అనెను.

"గుఱ్ఱాన్ని అడిగావురా?" అంటిని.

"అడుగుతూ కూర్చుంటే ఆట సాగుతుందా?" అని వాడు తరువాతి యెత్తు వేసెను.