స్మృతియు ద్వేషమును

యుద్ధకాలమున పూర్వపు గాయమును స్మరించుట ధర్మమా? ఆ స్మృతి ద్వేషమును పెంచదా? ఉక్రెయిన్ ప్రజలకు నేడు ఇది జీవన్మరణ సమస్యతో ముడిపడిన ప్రశ్న.

1932-33 సంవత్సరములలో, సస్యసమృద్ధికి పేరొందిన ఆ దేశమున సుమారు 35 నుండి 40 లక్షల మంది ఆకలిచే మరణించిరని పలువురు పరిశోధకుల అంచనా. స్టాలిన్ ప్రభుత్వము రైతుల ధాన్యమును బలవంతముగా గొనిపోయెను. ఆ కాలముననే విదేశములకు ధాన్యమును ఎగుమతి చేసెను. 1933 జనవరిలో, ఆకలిగొన్న రైతులు ఉక్రెయిన్ విడిచి పోకుండ దారులు మూసెను. 1937 జనగణనలో ప్రజల తరుగు బయటపడగా, ఆ లెక్కలను రద్దుచేసి, వానిని సిద్ధపరచిన అధికారులను నిర్బంధించెను. ప్రాణములు తీయుట మొదటి పాపము. ఆ మరణములను దాచుట రెండవది.

2006లో ఉక్రెయిన్ ఈ దారుణమును జాతిసంహారమని శాసనపూర్వకముగా ప్రకటించినది. ప్రతి నవంబరు నాల్గవ శనివారమున అచటివారు కిటికీలలో దీపములు వెలిగింతురు. 2022లో రష్యా పూర్తిస్థాయి దండయాత్ర ఆరంభించిన పిదప, ఆక్రమితమైన మరియుపోల్ నగరమున ఆ మృతుల స్మారకచిహ్నము తొలగింపబడినది.

ఇట్టి సమయమున స్మృతి ద్వేషముగా మారు అపాయము లేకపోలేదు. అయితే ఆ కరవులోనే కజకులును, వోల్గా తీరపు రష్యన్ రైతులును అసంఖ్యాకముగా మరణించిరి. ఈ సత్యము మరువని స్మృతి జాతినంతటిని దోషిగా నెంచదు. అన్నమును ఆయుధముగా జేసిన అధర్మమునే గర్హించును.

మరపును క్షమయని భ్రమింపరాదు. దోషమును దోషమని ఒప్పుకొనిన పిదపనే క్షమకు తావుండును. అంతవరకు మృతులను తలచుట జీవించియున్నవారు తీర్పవలసిన ఋణము.